జంతు ప్రేమికులను స్థానిక ఎన్నికల్లో పోలింగ్ కేంద్రం దాకా తీసుకురావడం ఎలా?

ప్రశ్న అడిగినవారు: ఆశ్రయసేవ

అందరికీ నమస్కారం. నేను పదకొండేళ్లుగా ఒక జంతు సంరక్షణ కేంద్రంలో స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను. గాయపడిన కుక్కలకు చికిత్స చేయించడం, తల్లి లేని పిల్లికూనలను ఎవరో ఒకరి ఇంట్లో ఉంచి సాకడం, సంతాన నియంత్రణ శస్త్రచికిత్సలు చేయించి దత్తతకు ఇవ్వడం మా పని. మాకు మనుషుల ఆదరణకు లోటు లేదు. ఒక కుక్క తప్పిపోయిందని రాత్రి పది గంటలకు సందేశం పెడితే, గంట తిరిగేలోగా ఇరవై మంది టార్చిలైట్లు పట్టుకుని వీధుల్లోకి వస్తారు. అంత ప్రేమ ఉన్న ఈ మనుషులే స్థానిక ఎన్నికల రోజున ఇల్లు కదలరు.

కిందటి ఎన్నికల తర్వాత జరిగింది చెబుతాను. కొత్త పాలకమండలి ఏర్పడిన కొద్ది నెలలకే శస్త్రచికిత్సలకు ఇచ్చే నిధిని సగానికి తగ్గించింది. ఆ తీర్మానానికి అనుకూలంగా గట్టిగా మాట్లాడిన సభ్యుడు మా ప్రాంతం నుంచి చాలా తక్కువ ఆధిక్యంతో గెలిచినవాడు. ఆ ఆదివారం గిన్నెలు కడిగే తొట్టి దగ్గర అందరం ఉన్నాం. కోపంగా మాట్లాడుకుంటున్నాం. నేను ఉండబట్టలేక, "ఆ రోజు ఓటు వేసినవాళ్లు చేతులెత్తండి" అన్నాను. ముప్పై మందికి పైగా ఉన్నారు. సబ్బునురుగుతో పైకి లేచిన చేతులు తొమ్మిది. మిగిలినవాళ్లు తల వంచుకుని గిన్నెలు తోముకుంటూ ఉండిపోయారు. వాళ్లలో ఒకమ్మాయి ముందురోజు రాత్రంతా పార్వో అనే ప్రమాదకరమైన వైరస్ వ్యాధి సోకిన కుక్కపిల్ల పక్కన కూర్చున్న మనిషి. ఆమెను సోమరి అని నేను ఎలా అనగలను?

వచ్చే ఎన్నికలకు ఇంకా ఏడాదికి పైగా సమయం ఉంది. ఇప్పటి నుంచే ఏదైనా చేయాలని ఉంది. కిందటిసారి పోలింగుకు రెండు రోజుల ముందు, "మనలో చాలామంది ఓటే వేయడం లేదు, ఇది మనకు సిగ్గుచేటు" అని అందరికీ ఒక సందేశం పంపాను. దానివల్ల ఒక్కరైనా కదిలినట్టు నాకు అనిపించలేదు. ఇలాంటి పని చేసినవారు, చదివినవారు ఉంటే చెప్పండి. ఎక్కడ మొదలుపెట్టాలి? విరాళాలతో నడిచే సంస్థగా మేము ఈ పని చేయవచ్చా? ఫలానా అభ్యర్థికి వేయండని చెప్పాలా, లేక ఓటు వేయమని మాత్రమే చెప్పాలా?

---

సమాధానం: గడపగడపకూ

ఆశ్రయసేవ గారికి నమస్కారం. నేను నాలుగు స్థానిక ఎన్నికల్లో ఇంటింటికీ తిరిగి ఓటర్లను కలిసిన మనిషిని. మీ ప్రశ్నలో నన్ను ఆపేసింది మీ సందేశం గురించి మీరు రాసిన వాక్యం. దాన్ని ఇంకెప్పుడూ పంపకండి. "చాలామంది ఓటు వేయడం లేదు" అన్న మాటలో మనం వినిపించాలనుకున్నది మందలింపు, కానీ వినేవారికి చేరేది వేరు: నాలాంటివాళ్లు ఎవరూ వేయడం లేదు కాబట్టి నేను వేయకపోయినా తేడా ఏమీ ఉండదని. అలన్ గెర్బర్, టాడ్ రోజర్స్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని న్యూజెర్సీ, కాలిఫోర్నియా రాష్ట్రాల్లో ఓటర్లకు ఫోన్లు చేయించి దీన్నే పరీక్షించారు. 2009లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం, ఈసారి ఎక్కువమంది ఓటు వేయబోతున్నారని విన్నవారిలోనే ఓటు వేయాలన్న ఉద్దేశం బలంగా కనిపించింది. తక్కువమందే వేస్తున్నారని విన్నవారిలో అంతగా లేదు. ఆ తేడా ప్రధానంగా ఎప్పుడో ఒకసారి మాత్రమే ఓటు వేసేవారిలో ఉంది. మీరు కదిలించాల్సింది సరిగ్గా వాళ్లనే కదా.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలి అన్నారు. గడప దగ్గర మొదలుపెట్టండి. 1998లో గెర్బర్, డొనాల్డ్ గ్రీన్ కలిసి కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూహేవెన్ నగరంలో దాదాపు 30,000 మంది ఓటర్ల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరిని ఇంటికి వెళ్లి కలిశారు, కొందరికి ఉత్తరాలు పంపారు, కొందరికి ఫోన్లు చేయించారు. ముఖాముఖి కలిసినవారిలో పోలింగు శాతం సుమారు 9 పాయింట్లు పెరిగింది. ఉత్తరాల వల్ల పెరిగింది ఒక్కో ఉత్తరానికి అర పాయింటు మాత్రమే. మనిషి మనిషి ముందు నిలబడి అడగడానికి సాటివచ్చే ఉపాయం నా అనుభవంలోనూ మరొకటి కనిపించలేదు. వాలంటీర్లు దొరకని సంస్థలు ఈ పని చేయలేక కరపత్రాలతో సరిపెట్టుకుంటాయి. మీకు రాత్రి పదింటికి టార్చిలైట్లతో వచ్చే మనుషులున్నారు. ఆ ఇరవై మంది తలా ఒక పది గడపలు ఎక్కితే చాలు.

గడప దగ్గర ఏం మాట్లాడాలి అన్నది రెండో సంగతి. జంతువుల బాధల గురించి వాళ్లకు చెప్పనక్కర్లేదు, అది వాళ్లకు మనకన్నా బాగా తెలుసు. "మీరు ఓటు వేస్తారా?" అని మాత్రమే అడిగినా పెద్దగా ఫలితం ఉండదు, అందరూ వేస్తామనే అంటారు. డేవిడ్ నికర్సన్, టాడ్ రోజర్స్ 2008లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, పార్టీల అభ్యర్థులను ఎంచుకునే ప్రాథమిక ఎన్నికలప్పుడు 2,87,000 మందికి పైగా ఓటర్ల మీద చేసిన పరీక్షలో మూడు ప్రశ్నలు అడిగించారు: ఏ సమయానికి వెళ్తారు, ఎక్కడి నుంచి బయలుదేరుతారు, దానికి ముందు ఏ పనిలో ఉంటారు. ఈ మూడింటికీ సమాధానం చెప్పించిన ఫోన్ల వల్ల ఫోనుకు దొరికినవారిలో పోలింగు 4 పాయింట్లకు పైగా పెరిగింది. ఇంట్లో ఓటరు ఒక్కరే ఉన్నచోట ఇంచుమించు 9 పాయింట్లు పెరిగింది. ఎందుకో ఊహించవచ్చు. ఇంట్లో నలుగురు ఓటర్లుంటే ఎవరో ఒకరు ఎప్పుడు వెళ్దామని అడుగుతారు. ఒంటరిగా ఉండే మనిషిని ఆ మాట అడిగేవారు ఉండరు.

ఆ మూడు ప్రశ్నలు మన పనికి ఎంత అవసరమో నాకు ఒక పెద్దావిడ నేర్పారు. ఆమె పది రోజుల వయసున్న ఐదు పిల్లికూనలను సాకుతున్నారు. వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి అట్టపెట్టెలో పెట్టి, పక్కన అలారం గడియారం, చిన్న పాలసీసాలు వరుసగా అమర్చుకున్నారు. ఎన్ని గంటలకు వెళ్తారని అడిగితే ఆమె గడియారం వైపు చూసి, "రెండు గంటలకొకసారి పాలు పట్టాలి. పోలింగ్ కేంద్రం దగ్గర వరుస ఎంతుంటుందో తెలియదు. ఎలా వెళ్లను నాయనా?" అన్నారు. ఆమెకు ఎన్నికల మీద అయిష్టం లేదు, అభ్యర్థుల పేర్లన్నీ తెలుసు. మాలో ఒకమ్మాయి పోలింగు రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు వెళ్లి ఆ పెట్టె పక్కన కూర్చుంది. ఆవిడ వెళ్లి ఓటు వేసి వచ్చారు. ఊరికే ఓటు వేయండని వంద సందేశాలు పంపినా ఆ ఓటు పడేది కాదు. జంతువులను చూసుకునేవారి రోజు మిగిలినవారి రోజులా ఉండదు. వాళ్లు ఓటు వేయకపోవడంలో సగం కారణం అదే అని నా నమ్మకం. రాత్రంతా కుక్కపిల్ల పక్కన కూర్చున్న మీ వాలంటీరు అమ్మాయికి కూడా పోలింగు రోజున కావలసింది మందలింపు కాదు, రెండు గంటల పాటు తన చోట కూర్చునే మనిషి.

---

సమాధానం: పురపాలన విద్యార్థి

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. దానికి ముందు చేయాల్సిన ఒక పని గురించి, స్థానిక ఎన్నికలకే ఇంత శ్రమ ఎందుకన్న సంగతి గురించి రాస్తాను, ఎందుకంటే మీ వాలంటీర్లు ఆ రెండో ప్రశ్న తప్పకుండా అడుగుతారు.

జంతువుల జీవితాలను రోజూ తాకే నిర్ణయాలు చాలావరకు స్థానిక సంస్థల చేతుల్లో ఉంటాయి. పట్టుకొచ్చిన జంతువును ఎన్ని రోజులు ఉంచాలి, శస్త్రచికిత్సలకు ఎంత నిధి కేటాయించాలి, పెంపుడు జంతువుల దుకాణాలకు ఏ నిబంధనలు పెట్టాలి, ఫిర్యాదు వస్తే ఎవరు వెళ్లి చూడాలి అన్నవి జాతీయ చట్టసభ మెట్లెక్కే విషయాలు కావు. పైగా పెద్ద చట్టాలు కూడా తరచు చిన్న ఊళ్లలోనే మొలకెత్తుతాయి. కాలిఫోర్నియాలోని వెస్ట్ హాలీవుడ్ జనాభా 40,000 కూడా లేని చిన్న నగరం. పిల్లుల గోళ్లను వేలి చివరి ఎముకతో సహా తొలగించే శస్త్రచికిత్సను 2003లో ఆ నగర కౌన్సిల్ నిషేధించింది. పశువైద్యుల సంఘం కోర్టుకు వెళ్లినా 2007లో అప్పీలు న్యాయస్థానం నగరం పక్షానే నిలిచింది. 2009లో లాస్ ఏంజెలెస్, శాన్‌ఫ్రాన్సిస్కో సహా మరికొన్ని నగరాలు అదే దారి పట్టాయి. జంతువుల బొచ్చుతో చేసిన దుస్తుల అమ్మకాన్ని అదే వెస్ట్ హాలీవుడ్ 2011లో నిషేధిస్తే, తర్వాత బర్కిలీ, శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలెస్ వరుసగా నిషేధించాయి. చివరకు 2019లో రాష్ట్రమంతటికీ చట్టం వచ్చింది. ఆ కౌన్సిల్లో కూర్చునేది ఐదుగురే. ఆ ఐదుగురినీ ఎన్నుకునేవారి సంఖ్య ఎంత చిన్నదో ఆలోచించండి.

బార్సిలోనాది కూడా ఇలాంటి కథే. 2004లో నగర మండలి తమది వృషభ పోరాటాలకు వ్యతిరేక నగరమని తీర్మానించింది. 2010లో ఆ నగరం ఉన్న కాటలోనియా ప్రాంతపు శాసనసభ వాటిని నిషేధించింది. ఆ చట్టాన్ని 2016లో స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం కొట్టివేసినా, బార్సిలోనాలో ఆ పోరాటాలు మళ్లీ మొదలు కాలేదు. నగరం మనసు అప్పటికే మారిపోయింది కాబట్టి కోర్టు అనుమతి ఇచ్చినా రంగం సిద్ధం చేయడానికి ఎవరూ ముందుకు రాలేదని నేను అనుకుంటాను.

ఇప్పుడు అంకెల సంగతి. పోర్ట్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయం వారు అమెరికా నగరాల మేయర్ ఎన్నికలను పరిశీలించినప్పుడు, అతిపెద్ద 30 నగరాల్లో 10 నగరాల్లో అర్హులైన ఓటర్లలో 15 శాతం కూడా ఓటు వేయలేదని తేలింది. వేసినవారి మధ్యస్థ వయసు 57 ఏళ్లు, అంటే దాదాపు సగం మంది అంతకన్నా పెద్దవారే. ఓటర్లు పలచగా ఉన్నచోట సంఘటితంగా వచ్చే చిన్న గుంపుకు బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. రాజనీతి శాస్త్రవేత్త సారా ఆంజియా తన పరిశోధనలో చూపించింది ఇదే: పెద్ద ఎన్నికలతో కలపకుండా విడిగా జరిగే స్థానిక ఎన్నికల్లో, సంఘటిత బృందాలు కోరుకున్న విధానాలే ఎక్కువగా గెలుస్తాయి. ఇన్నాళ్లూ ఆ సంఘటిత బృందాలు మనం కాదు. అంతే తేడా.

ఒక్క ఓటు సంగతి అడిగేవారికి ఇంగ్లండ్‌లోని నార్తంబర్లాండ్ ఉదాహరణ చెప్పండి. 2017 మే నెలలో అక్కడి కౌంటీ మండలి ఎన్నికల్లో సౌత్ బ్లైత్ స్థానంలో ఇద్దరు అభ్యర్థులకు సమానంగా ఓట్లు వచ్చాయి. మళ్లీ లెక్కించినా సమానమే. చివరకు చీట్లు తీసినట్టు పొట్టి, పొడుగు పుల్లలు లాగి విజేతను తేల్చారు. ఆ పుల్ల పొడవు వల్ల ఒక పార్టీకి 67 స్థానాల మండలిలో 33 వచ్చి, సొంత ఆధిక్యం ఒక్క స్థానంతో తప్పిపోయింది. ఆ ప్రాంతంలో ఆ రోజు ఇంట్లో ఉండిపోయిన ఏ ఒక్క మనిషి వచ్చినా పుల్లలు లాగాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఇక ముందు చేయాల్సిన పని. మీ దగ్గరున్న పేర్లను ఓటర్ల జాబితాతో సరిచూడండి. ఇది విసుగు పుట్టించే పని, కానీ దీన్ని దాటేసి ప్రచారానికి దిగిన బృందాలన్నీ సగం శక్తిని వృథా చేసుకున్నాయని గట్టిగా చెప్పగలను. మీ సామాజిక మాధ్యమాల పేజీని అనుసరించేవారిలో చాలామంది మీ ఎన్నికల పరిధిలో ఉండరు. వాళ్లకు సందేశం పంపడం వల్ల ఒక్క ఓటూ రాదు. నిజమైన నిధి మీ దత్తత పత్రాల్లో ఉంది. కుక్కనో పిల్లినో తీసుకెళ్లినవాళ్లు చిరునామా రాసి సంతకం పెట్టారు కదా. ఆ సమాచారాన్ని మరో అవసరానికి వాడే ముందు వాళ్ల అనుమతి తీసుకోండి, అది మర్యాద, చాలాచోట్ల చట్టం కూడా. అనుమతిచ్చినవారి పేర్లు జాబితాలో ఉన్నాయా, ఇల్లు మారాక చిరునామా మార్పించుకున్నారా, వారి పోలింగ్ కేంద్రం ఏది అని చూడండి. అద్దె ఇళ్లలో ఉండే యువత తరచు ఇళ్లు మారుతుంటారు, మీ వాలంటీర్లలో వాళ్లే ఎక్కువ ఉంటారని అనుకుంటున్నాను. జాబితాలో పేరే లేని మనిషిని పోలింగు రోజున గడప దగ్గర ఎంత బతిమాలినా లాభం లేదు. ఏడాది సమయం ఉందన్నారు కాబట్టి మొదటి మూడు నెలలు దీనికే ఇవ్వండి.

---

సమాధానం: నిదానం

సంస్థగా చేయవచ్చా అన్న ప్రశ్నకు ఎవరూ సమాధానం చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను. చాలా దేశాల్లో దాతృత్వ సంస్థలకు గీత ఒకేచోట ఉంటుంది. అమెరికాలో పన్ను మినహాయింపు పొందిన దాతృత్వ సంస్థ ఏ అభ్యర్థినీ సమర్థించకూడదు, వ్యతిరేకించకూడదు. కానీ పక్షపాతం లేకుండా ఓటరు నమోదు చేయించవచ్చు, ఓటు వేయమని ప్రోత్సహించవచ్చు. బ్రిటన్‌లో కూడా దాతృత్వ సంస్థ ఒక పార్టీకో అభ్యర్థికో మద్దతు పలకడానికి వీల్లేదు. మీ దేశపు నిబంధనలను తెలిసిన న్యాయవాదితో ఒకసారి చూపించుకోండి. ఓటు వేయమని చెప్పడం వేరు, ఫలానావారికి వేయమని చెప్పడం వేరు అన్న గీతను మాత్రం మనసులో ఉంచుకుంటే పెద్ద పొరపాటు జరగదు.

నా ఉద్దేశంలో ఆ గీత మీకు ఆటంకం కాదు, మేలే చేస్తుంది. 2015లో నాథానియెల్ స్టినెట్ స్థాపించిన ఎన్విరాన్‌మెంటల్ ఓటర్ ప్రాజెక్ట్ అనే అమెరికా సంస్థను చూడండి. పర్యావరణం గురించి తీవ్రంగా పట్టించుకుంటూ కూడా ఓటు వేయనివాళ్లను ఓటర్ల రికార్డుల ఆధారంగా గుర్తించడం, వాళ్లను క్రమం తప్పకుండా ఓటు వేసేవారిగా మార్చడం వారి పని. వాళ్లు అభ్యర్థులను సమర్థించరు. ఆశ్చర్యం ఏమిటంటే ఓటర్లతో పర్యావరణం గురించి కూడా మాట్లాడరు. ఎన్నిక ఫలానా రోజు, మీ కేంద్రం ఇది, మీరు వస్తారు కదా అంటారు, అంతే. ఎన్నిక చిన్నదైనా పెద్దదైనా వదలరు. వరుసగా ఓటు వేసేవారి సంఖ్య పెరిగితే నాయకులే ఆ వైపు తిరుగుతారన్నది వారి తర్కం. ఎవరికి వేశామన్నది రహస్యం కానీ, ఓటు వేశామా లేదా అన్నది అక్కడ బహిరంగ రికార్డు. అభ్యర్థులు ప్రచారానికి ఆ జాబితాలు చూసుకునే వెళ్తారు. ఓటు వేయని మనిషి అభిప్రాయం వారికి కనిపించదు.

అలవాటు గురించి ఒక మాట. పైన చెప్పిన న్యూహేవెన్ ప్రయోగంలో 1998లో ఓటు వేసేలా కదిలించిన మనుషులు, 1999లో జరిగిన స్థానిక ఎన్నికల్లో మళ్లీ ఎవరూ పిలవకపోయినా ఇతరులకన్నా ఎక్కువగా వచ్చారని 2003లో అదే పరిశోధకులు తేల్చారు. కాబట్టి ఏడాది తర్వాత వచ్చే ఎన్నిక కోసం వేచి ఉండకండి. మధ్యలో ఉప ఎన్నిక వచ్చినా, ఇంకే చిన్న ఎన్నిక వచ్చినా అందరినీ ఒకసారి తీసుకెళ్లండి.

ఒక విషయంలో మాత్రం హెచ్చరించకుండా ఉండలేను. 2006లో మిచిగన్ రాష్ట్రంలో ఒక ప్రయోగం జరిగింది. ఒక వర్గం ఓటర్లకు వాళ్లూ ఇరుగుపొరుగువాళ్లూ గత ఎన్నికల్లో ఓటు వేశారో లేదో పేర్లతో సహా రాసి, ఎన్నికల తర్వాత మళ్లీ ఈ జాబితా పంపుతామని ఉత్తరం వేశారు. ఏ ఉత్తరమూ అందనివారిలో పోలింగు 29.7 శాతం ఉంటే, ఈ ఉత్తరం అందుకున్నవారిలో 37.8 శాతం అయింది. ఒక్క ఉత్తరానికి అంత ఫలితం అరుదు. దీన్ని చదివిన ప్రతి బృందానికీ ఒకసారి చేసి చూద్దామనిపిస్తుంది. దయచేసి చేయకండి. తన పేరు పొరుగింటివాళ్లకు పంపారన్న అవమానాన్ని మనిషి మరచిపోడు. అలాంటి మనిషి ఓటు వేస్తాడేమో కానీ మరుసటి ఆదివారం మీ కేంద్రానికి రాడు. అక్కడున్న జంతువుకు ఓటూ కావాలి, ఆ చేతులూ కావాలి. తొమ్మిది చేతులు లేచిన ఆ రోజున మిగిలినవారి తలలు వంగాయని మీరే రాశారు. ఆ ప్రశ్న మళ్లీ అందరి ముందూ అడగకండి. ఓటు వేసినవారికి బహిరంగంగా కృతజ్ఞత చెప్పండి, వేయనివారితో విడిగా మాట్లాడండి.

మరో చిన్న సంగతి. "ఓటు వేయండి" అనడం కన్నా "ఓటరుగా ఉండండి" అంటే బాగా పనిచేస్తుందని చాలాచోట్ల సలహాగా చెబుతుంటారు. 2011 నాటి ఒక అధ్యయనం అలా చెప్పింది నిజమే, కానీ 2016లో మరింత పెద్ద ఎత్తున మళ్లీ పరీక్షించినప్పుడు ఆ తేడా కనిపించలేదు. మాట మార్పుల మీద కాలం పోనివ్వకండి.

---

సమాధానం: రెండోవైపు

ఇక్కడ రాసినవన్నీ విలువైనవే, అయినా ఒకచోట నాకు భిన్నాభిప్రాయం ఉంది. మీ మద్దతుదారులందరూ ఒకేలా ఆలోచిస్తారని అందరం అనుకుంటున్నాం. నేను ఒక జంతు సంక్షేమ బృందంలో ఆరేళ్లు పనిచేశాను. కుక్కల కోసం ప్రాణం పెట్టేవారిలో కోళ్ల పెంపకం గురించి ఒక్క మాట కూడా విననివాళ్లున్నారు. వీధికుక్కలకు అన్నం పెట్టడాన్ని గట్టిగా వ్యతిరేకించే పిల్లి ప్రేమికులున్నారు. వీళ్లందరినీ పోలింగ్ కేంద్రానికి తీసుకెళ్తే ఓట్లన్నీ ఒకవైపే పడవు.

దీనికి ఒక ఉదాహరణ 2024 నవంబరు. కాలిఫోర్నియాలోని సోనోమా కౌంటీలో పెద్ద పశుపెంపక కేంద్రాలను నిషేధించాలన్న ప్రతిపాదనను దాదాపు 85 శాతం ఓటర్లు తిరస్కరించారు. అదే రోజు డెన్వర్ నగరంలో కబేళా నిషేధాన్ని 64 శాతం మంది కాదన్నారు. అవి జంతువుల మీద ప్రేమ లేని ప్రాంతాలు కావు. ఇంకోవైపు ఫ్లోరిడాలో 2018లో కుక్కల పందేలను ఆపే సవరణకు 69 శాతం, మసాచుసెట్స్‌లో 2016లో కోళ్లు, పందులు, దూడలను పెట్టే ఇరుకు బోనుల నిషేధానికి దాదాపు 78 శాతం అనుకూలంగా వచ్చాయి. తేడా ఎక్కడుంది? నా మటుకు నాకు, సామాన్య ఓటరు తన చుట్టూ బతికే మనుషుల జీవనోపాధి దెబ్బతింటుందని భయపడిన చోట వెనక్కి తగ్గాడు. జంతువుకు కాస్త చోటు, కాస్త ఊరట అడిగిన చోట చేయి కలిపాడు. అభ్యర్థుల విషయంలోనూ ఇదే జరుగుతుంది. శస్త్రచికిత్సల నిధి అడిగితే మీతో మొత్తం ఊరు నిలబడుతుంది, అంతకన్నా పెద్దది ఒక్కసారిగా అడిగితే మీ వాలంటీర్లే చీలిపోతారు.

అందుకని ఎవరికి ఓటు వేయాలన్నది వాళ్లకే వదిలి, వాళ్లకు సమాచారం ఇవ్వండి. ప్రతి అభ్యర్థికీ ఒకే ఐదారు ప్రశ్నలు లిఖితపూర్వకంగా పంపండి. "జంతువుల పట్ల మీ వైఖరి ఏమిటి?" అని అడిగితే అందరూ తమ ఇంటి కుక్క గురించి ఆప్యాయంగా రాస్తారు, దానివల్ల ప్రయోజనం లేదు. తగ్గించిన నిధిని పునరుద్ధరించే తీర్మానానికి ఓటు వేస్తారా, పట్టుకొచ్చిన జంతువును కనీసం ఎన్ని రోజులు ఉంచాలంటారు, అలాంటి జంతువులను ఉంచే కేంద్రం రికార్డులను నెలనెలా బయట పెట్టడానికి ఒప్పుకుంటారా అని అడగండి. వచ్చిన సమాధానాలను ఒక్క అక్షరం మార్చకుండా అందరివీ పక్కపక్కన ప్రచురించండి. సమాధానం పంపనివారి పేరు కింద "సమాధానం రాలేదు" అని మాత్రమే రాయండి, వ్యాఖ్యానం చేయకండి. అలా ఖాళీగా వదిలిన ఒక గడి మా ప్రాంతంలో కలిగించిన కదలిక మా ఉపన్యాసాలేవీ కలిగించలేదు. ఆ అభ్యర్థి మనిషి రెండు రోజుల్లో కాగితం పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు.

ఇంకో మాట, ఇతర ఓటర్ల మనసు మార్చడానికి మీ శక్తి పెట్టకండి. జాషువా కల్లా, డేవిడ్ బ్రూక్‌మన్ 49 క్షేత్ర ప్రయోగాలను కలిపి చూసి, సాధారణ ఎన్నికల్లో అభ్యర్థి ఎంపిక విషయంలో ప్రచారం వల్ల ఓటరు మనసు మారడం సగటున దాదాపు సున్నా అని 2018లో తేల్చారు. మనవైపు ఉండి కూడా ఇంట్లో ఉండిపోయేవారిని బయటికి తేవడమే మన చేతిలో ఉన్న పని. ఈ విషయంలో పైవారందరితో నాకు పూర్తి ఏకాభిప్రాయం.

---

సమాధానం: ఆశ్రయసేవ

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నిన్న రాత్రి ఇవన్నీ రెండుసార్లు చదివాను. అందరి ముందూ చేతులెత్తమని అడగడం తప్పని ఇప్పుడు అర్థమైంది. ఆ రోజు తల వంచుకున్న ఇద్దరితో ఈ ఉదయం విడిగా మాట్లాడాను. ఒకరు ఇల్లు మారాక చిరునామా మార్పించుకోలేదు, పాత చోటికి వెళ్లాలంటే చాలా దూరం. రెండోవారు కుక్కపిల్ల పక్కన కూర్చున్న అమ్మాయి. పోలింగు రోజున ఆమె సాయంత్రం విధుల్లో ఉంది, తన తర్వాత వచ్చేవారు ఆలస్యం చేశారు. బయలుదేరేసరికి సమయం మించిపోయింది. ఆ విధుల పట్టిక వేసింది నేనే. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా పోలింగు రోజు చూసుకుని పట్టిక వేయలేదు.

గడపగడపకూ గారూ, ఒక సందేహం. ఇళ్లలో కూనలను సాకుతున్నవారు మాకు పద్నాలుగు మంది ఉన్నారు. అందరి దగ్గరికీ మనుషులను పంపడం ఎలా కుదిరింది మీకు?

---

సమాధానం: గడపగడపకూ

ఒకేసారి అందరి దగ్గరికీ పంపలేదండీ. పోలింగుకు వారం ముందు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, కూనలకు పాలు పట్టే వేళలు రాసుకున్నాం. నాలుగు వారాలు దాటిన కూనలను కాసేపు వదిలి వెళ్లవచ్చు కాబట్టి వారికి మనిషి అవసరం లేదు. ముందస్తు ఓటు సౌకర్యం ఉన్నవారు దాన్ని వాడుకున్నారు. మిగిలింది ఐదు ఇళ్లు. ఇద్దరు వాలంటీర్లు ఉదయమే ఓటు వేసేసి, పాలు పట్టిన వెంటనే ఒక్కో ఇంటికి గంటన్నర చొప్పున కూర్చున్నారు. పాలు ఏ వేడిలో ఉండాలో, కూనను బోర్లా పడుకోబెట్టే ఎలా పట్టాలో తెలిసినవారినే పంపండి. లేకపోతే ఆ ఇంటివాళ్లు గుమ్మం దాటరు. మీ పట్టికలో ఆ రోజుకు ఇప్పుడే ఒక అడ్డగీత గీసి పెట్టుకోండి. తేదీ ప్రకటించాక మిగిలిన పేర్లు నింపవచ్చు.